రెండో గ్లాసు

ఆ ఎండాకాలం మా ఇంట్లో తెల్లారిందంటే మిక్సీ మోతతోనే తెల్లారేది. పల్లీలు వేయించిన కమ్మటి వాసన వాడంతా పాకేది. ఎవరింట్లో పెళ్లి, పిండివంటలు ఇంత పొద్దున్నే మొదలుపెట్టారు అని దారిన పోయేవాళ్లు అడిగేవారట. పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. మా ఆయనకు కండ పట్టించడానికి నేను పడే పాట్లు అవి.

మా ఆయన పేరు సాంబన్న. గోదావరికి ఇవతల, మహారాష్ట్ర గట్టున సిరొంచ నుంచి జిమల్‌గట్ట దాకా జీపు నడిపేవాడు. ఆ రోడ్డు సంగతి ఆ రోడ్డు మీద తిరిగినవాళ్లకే తెలుసు. నిద్ర ఆగడానికని ఖర్ర నమిలేవాడు. పోక ముక్కలు, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి గట్టిగా రుద్ది, చిటికెడు చిటికెడు బుగ్గన పెట్టుకునే ఖర్ర మా జిల్లాలో లేని ఇల్లు లేదు. చుట్టం వస్తే మంచినీళ్లకన్నా ముందు ఖర్ర పొట్లం బయటికి వస్తుంది.

దానికో మర్యాద కూడా ఉంది. ఖర్రను ఎవడూ ఒక్కడే తినడు. పొట్లం విప్పినవాడు ముందు పక్కవాడి అరచేతిలో ఇంత పెట్టి, ఆ తర్వాతే తన నోట్లో వేసుకుంటాడు. పక్కన కూర్చున్నవాడితో నిన్ననే కొట్లాడి ఉన్నా సరే, పెట్టాల్సిందే. పెట్టనివాణ్ని జీపు స్టాండులో ఏడాదంతా ఆడిపోసుకుంటారు. మా ఆయనకు ఆ మాట ఎప్పుడూ పడలేదు. ఇంట్లో ఉప్పు నిండుకున్నా ఆయన జేబులో నలుగురికి సరిపడా ఖర్ర ఉండేది. నేను తిట్టేదాన్ని. నవ్వి వెళ్లిపోయేవాడు.

హోలీ నాటికి ఆ నవ్వు సగమైంది. నోరు తెరుచుకోవడం లేదు. కారం తగిలితే కళ్లలో నీళ్లు. బుగ్గ లోపల మానని పుండు. గోదావరి వంతెన దాటించి అవతలి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. జీపు నడిపింది గట్టయ్య. మా ఆయనకు పాతికేళ్ల సావాసగాడు, అదే స్టాండులో ఇంకో జీపు ఆయనది. మా ఆయన ఆయన్ని బావ అని పిలుస్తాడు, ఆయన నన్ను చెల్లె అంటాడు. భార్య పోయి ఒక్కడే ఉంటాడు. ఖర్ర పొట్లం వీళ్లిద్దరి మధ్య తిరిగినంతగా నా ఇంటి గడియారం ముల్లు కూడా తిరిగి ఉండదు.

డాక్టరు మా ఆయన్ని మూడు వేళ్లు కలిపి నిలువుగా నోట్లో పెట్టుకోమన్నాడు. మామూలు మనిషికి మూడూ పడతాయట. మా ఆయనకు ఒక్క వేలు పట్టింది, అదీ పళ్లకు గీరుకుంటూ. పుండులోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. మేం భయపడ్డదే వచ్చింది.

ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతాడు, కానీ ఇలా ఎండిపోయిన ఒంటికి మత్తు ఇవ్వలేం అన్నాడు డాక్టరు. నెలా నెలన్నర తిండి పెట్టి కాస్త బరువు పెంచి తీసుకురమ్మన్నాడు. వానలు మొదలయ్యేదాకా ఆగితే మాత్రం చెయ్యి దాటిపోతుందన్నాడు. అంటే మా ఆయన ప్రాణం నా వంటింట్లో ఉందన్నమాట. ఆ మాటకు నాకు ఒక రకంగా ధైర్యం వచ్చింది. వంట నాకు తెలిసిన పనే కదా.

తిండి సంగతి చెప్పే మేడం ఒకామె పక్క గదిలో ఉంది. మెత్తటి అన్నం, పప్పుకట్టు చాలవు, పీనట్ బటర్ స్మూదీ చేసి స్ట్రాతో తాగించు అంది. నేను మా అమ్మాయి ప్రియాంక మొహం చూశాను. పన్నెండో తరగతి పరీక్షలు అప్పుడే రాసింది. మా వైపు పిల్లలు చదివేది మరాఠీ బడిలో కాబట్టి వచ్చేదారిలో జీపులో కూర్చుని ఫోన్లో మరాఠీ వీడియో ఒకటి వెతికింది.

"షేంగదాణె అంటే మన పల్లీలేనమ్మా. పల్లీల ముద్ద, పాలు, అరటిపండు. గంతే" అంది.

గంతేనా అని నాకు ఒళ్లు మండింది. పల్లీలని చెప్తే ఆ మేడం నోరు అరిగిపోయేదా?

కానీ అది గంతే కాదు. మొదటిరోజు చేసిన స్మూదీలో పొట్టు ముక్కలు ఉండిపోయాయి. ఒక పలుకు పోయి పుండులో ఇరుక్కుంది. మా ఆయన బుగ్గ పట్టుకుని గోడకు ఒరిగిపోయాడు. అరవడానికి నోరు తెరవాలి కదా, అదీ లేదు. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. ఆ మూలుగు విని నేను గ్లాసు పెరట్లో పారబోసి, పొయ్యి ముందు కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను.

నేర్చుకున్నాను. సన్న మంట మీద పల్లీలు ఓపికగా వేయించాలి. చల్లారాక నలిపి చాటలో చెరిగితే పొట్టంతా ఎగిరిపోతుంది. చిన్న జార్‌లో వేసి తిప్పితే మొదట పొడవుతుంది, తర్వాత ఉండ కడుతుంది. అక్కడితో అయిపోయిందనుకుంటాం. కాలేదు. మిక్సీని కాసేపు చల్లారనిచ్చి, అంచులు చెంచాతో గీకి మళ్లీ తిప్పితే పల్లీ తన నూనె తానే వదిలి జారుగా అవుతుంది. అప్పుడు మచ్చలు పడ్డ అరటిపండు వేయాలి. మచ్చ పడనిది వగరుగా ఉండి నోరు మండిస్తుంది. కాచి చల్లార్చిన పాలు, ఇంత బెల్లం. అన్నీ కలిపి తిప్పి, పాత పంచె గుడ్డలో వడగట్టాలి. కరెంటు పోయిన పొద్దున రోట్లో నూరేదాన్ని. మా ఊళ్లో ఎండాకాలం కరెంటు మాట చెప్పేదేముంది, రోలుకూ పని తప్పలేదు.

వారం తిరిగేసరికి గ్లాసు గ్లాసంతా స్ట్రాతో తాగేవాడు. తాగుతున్నాడనే నేను అనుకున్నాను.

బరువు చూడటానికి మిర్చి యార్డుకు తీసుకుపోయేవాళ్లం. బస్తాలు తూచే కాంటా అది. చుట్టూ ఎర్రటి మిరపకాయల గుట్టలు, గాలి నిండా ఘాటు. మా ఆయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని కాంటా మీద నిలబడేవాడు. హమాలీలు బస్తా ఎత్తబోయి ఆగి, తలలు పక్కకు తిప్పుకునేవారు. ప్రియాంక ముల్లు చూసేది. "వజన్ గంతే ఉందమ్మా" అనేది. ఇంకో వారం పోయినా అదే మాట. అన్ని పల్లీలు, అన్ని పాలు ఎక్కడికి పోతున్నాయో నాకు అర్థం కాలేదు. ఆ పుండే తాగేస్తోందేమో అనిపించేది.

ఎక్కడికి పోతున్నాయో ఒకరోజు కళ్లారా చూశాను. నేను వంటింట్లోంచి గ్లాసు తెచ్చి ఇచ్చి, పాల గిన్నె పొంగుతోందని లోపలికి పరుగెత్తి తిరిగి వచ్చేసరికి మా ఆయన తన గ్లాసులోంచి, పలకరించడానికి వచ్చిన పెద్దమనిషి గ్లాసులోకి ఒంపుతున్నాడు. ఆ పెద్దమనిషి మొహమాటంగా తాగుతున్నాడు. ఖర్ర పొట్లం లేదు కాబట్టి స్మూదీ. మర్యాద మాత్రం పాతదే.

నేను ఉగ్గబట్టుకుని ఆయన వెళ్లేదాకా ఆగాను. తర్వాత మా ఆయన్ని కడిగేశాను. అది తీర్థమా ప్రసాదమా పంచడానికి, నువ్వు బతకాలని నేను రోట్లో నూరుతుంటే ఊరందరి కడుపులు నింపుతావా అన్నాను.

"ఎదురుంగ మనిషి కూసున్నంక ఒక్కణ్నే ఎట్ల తాగుత?" అన్నాడు, పళ్ల సందులోంచి.

ఆ రోజు నుంచి నేను గడపలో కూర్చున్నాను. ఎవరొచ్చినా నిద్రపోతున్నాడని చెప్పి పంపేశాను. నాలుగు రోజుల్లో మా ఇంటికి రాకపోకలు ఆగాయి. సాంబన్న పెళ్లాం భాగ్యకు పొగరెక్కింది, మొగుడి రోగం చూపించడానికి కూడా పిసినారితనమే అని వాడకట్టులో అనుకున్నారట. అనుకోనివ్వమన్నాను. నాకు మొగుడు కావాలి.

గట్టయ్యను ఒక్కణ్నే పంపేయలేకపోయాను. ఆసుపత్రికి మమ్మల్ని తీసుకుపోవాల్సింది ఆయన జీపే. అడగకముందే వచ్చి వాకిట్లో నిలబెట్టే మనిషి. కానీ ఆయన వచ్చే వేళ చూస్తే నా ఒళ్లు భగ్గుమనేది. సరిగ్గా నేను గుడ్డ పిండి గ్లాసు నింపేసరికి గడపలో చెప్పుల చప్పుడయ్యేది. కూర్చునేవాడు. మా ఆయన నా వైపు చూడకుండా సగం ఇంకో గ్లాసులోకి ఒంపేవాడు. గ్లాసు పెద్దది పెడితే అటు పోయేదీ పెద్దదే అయ్యేది. పైగా గట్టయ్య కూడా స్ట్రా అడిగేవాడు. మిగతావాళ్లంతా గ్లాసు ఎత్తి గటగటా తాగినవాళ్లే. ఈయనకు మాత్రం స్ట్రా కావాలి. రోగి పక్కన కూర్చుని రోగిలా తాగడమేమిటి, ఎక్కిరింతా అని నాలో నేను పళ్లు నూరుకునేదాన్ని.

ఆ వారం కాంటా మీద ప్రియాంక ముల్లు చూసింది. మళ్లీ చూసింది. తగ్గిందని ఆ పిల్ల చెప్పనక్కర్లేకపోయింది. నేను అక్కడే మిరపబస్తాల పక్కన కూలబడి ఏడ్చాను. యార్డు మనిషి పాపం మిరప ఘాటు అనుకుని చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు, కళ్లు కడుక్కోమన్నాడు. కడుక్కున్నాను. ఇంకో మాట చెప్పడానికి నా దగ్గర ఏముంది? పొలం ఎండిపోతే వాన కోసం చూస్తాం. చేతిలో పల్లీలుండి, పాలుండి, మనిషి నా కళ్ల ముందే ఎండిపోతుంటే ఎవరి కోసం చూడాలి?

మర్నాడు పొద్దున జొన్నరొట్టె కాల్చాను. పచ్చిమిరపకాయ తొక్కు నూరాను. గట్టయ్య చెప్పుల చప్పుడు కాగానే మా ఆయన చేతిలో గ్లాసు పెట్టి, గట్టయ్య ముందు రొట్టె, తొక్కు ఉన్న పళ్లెం పెట్టాను.

"నువ్వు నమిలి తినే మనిషివి అన్నా. రొట్టె తిను. పాలు ఈయనకుండనియ్యి" అన్నాను.

గట్టయ్య నా మొహం చూశాడు, పళ్లెం చూశాడు. వద్దనలేదు. గోరంత రొట్టె తుంచి, చెంబులో నీళ్లు అరచేతిలో పోసుకుని అందులో నానబెట్టాడు. తల వంచుకుని, దాన్ని వేలితో పళ్ల మధ్యకు నెట్టుకున్నాడు. సగం లోపలికి పోయింది, సగం గడ్డం మీద పడింది. వేలికి తొక్కు అంటుకుందేమో, ఒక్కసారిగా కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. అయినా ఇంకో ముక్క తుంచబోయాడు.

"ఆనికి రొట్టె పెట్టకు" అన్నాడు మా ఆయన. "నాకంటే ముందుగాల్నే ఆని నోరు బందైంది."

మా ఆయన గ్లాసు కింద పెట్టి చెప్పాడు, ఒక్కో మాట మధ్య ఊపిరి తీసుకుంటూ. గట్టయ్యకు చలికాలం నుంచే రొట్టె పోవడం లేదు. గంజి తాగి జీపు నడుపుతున్నాడు. మా ఆయనకు ఇలా అయ్యాక ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. చెప్తే తననూ ఆసుపత్రిలో పడుకోబెడతారు, అప్పుడు సాంబన్నను జీపులో ఎవరు తిప్పుతారని ఆయన లెక్క.

నేను గట్టయ్య ముందు గొంతుక్కూర్చున్నాను. డాక్టరు చేయించినట్టే మూడు వేళ్లు పెట్టుకోమన్నాను. నవ్వి వదిలేయమన్నాడు. వదల్లేదు. రెండు వేళ్లు కూడా పట్టలేదు. ఆ పెదాలు తాకుతున్న ఆయన వేళ్ల నిండా ఖర్ర మరకలు.

నాకు ఆయన మీద జాలి కలిగిందని రాస్తే అబద్ధం. కోపం వచ్చింది, అంతకు ముందుకన్నా ఎక్కువ. ఇద్దరూ కలిసి నా దగ్గర దాచిపెట్టారు. ఒక్క మాట చెప్తే నేను రెండు గ్లాసులు చేసేదాన్ని. పల్లీలకేం కొదవ? పోయింది పల్లీలు కాదు, వారాలు. నేను లేచి రోట్లో ఇంకో దోసెడు వేశాను. ఎంత గట్టిగా నూరానంటే ప్రియాంక వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

అప్పటి నుంచి రెండు గ్లాసులు. రెండూ నిండా. రెండు స్ట్రాలు. ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని తాగేవారు, ఒకప్పుడు ఖర్ర నమిలినట్టే. ఒకడు ఆగితే ఇంకొకడు ఆగేవాడు. నేను గడపలో నిలబడి కాపలా కాసేదాన్ని. మా ఆయన చెంపలు కొద్దిగా నిండాయి. కాంటా మీద ముల్లు కదిలింది. ఆ తర్వాత వారం ఇంకాస్త కదిలింది. ప్రియాంక మిర్చి యార్డులో అందరి ముందూ వాళ్ల బాపు నడుము పట్టుకుని ఊపేసింది. హమాలీలు కూడా నవ్వారు. నేను ఆ రాత్రి కడుపు నిండా అన్నం తిన్నాను.

రోహిణి ఎండల్లో మళ్లీ వంతెన దాటాం. ఆసుపత్రిలో నర్సు బరువు చూసి బాగుందంది. నేను పరీక్ష పాసైన పిల్లలా డాక్టరు ముందు నిలబడ్డాను. ఆయన మా ఆయన దవడ కింద ఒత్తి చూశాడు. గొంతు పక్కన ఒత్తి చూశాడు. ఇంకో డాక్టర్ని పిలిచాడు. స్కానింగ్ ఫొటో తీయించారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి అప్పుడు చెప్పాడు, గడ్డ గొంతులోపలికి దిగి పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుందని. ఇప్పుడు కత్తి పెడితే బల్ల మీదే ప్రాణం పోతుంది, నొప్పికి మందులిస్తాను, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

"వజన్ తెచ్చినం గద సారూ" అన్నాను. "మీరు తెమ్మన్న వజన్ తెచ్చినం గద."

డాక్టరు బల్ల మీద ఉన్న పెన్ను మూత తీసి పెట్టాడు, మళ్లీ తీశాడు. ఆయన తప్పేం లేదు. ఆ క్షణంలో మాత్రం నాకు ఆయన్నీ, ఆ మేడాన్నీ, నా మిక్సీనీ, అన్నింటినీ నేలకేసి కొట్టాలనిపించింది.

మా ఆయన స్టూలు మీంచి లేచాడు. తలుపు దాకా నడిచి, బయట నిలబడ్డ గట్టయ్యను చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చి, తను లేచిన స్టూలు మీదే కూర్చోబెట్టాడు.

"ఈన నోరు జర సూడుండ్రి సారూ" అన్నాడు.

డాక్టరు లైటు వేసి చాలాసేపు చూశాడు. గట్టయ్య ఏడుస్తూనే నోరు తెరిచాడు, తెరుచుకున్నంత. చర్మం బిగుసుకుపోయింది కానీ లోపల పుండు లేదు, ఇంకా మా ఆయన స్థితి దాకా రాలేదన్నాడు డాక్టరు. ఈరోజు నుంచి ఖర్ర ముట్టొద్దన్నాడు. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి పళ్ల మధ్య బిగించి, వారానికో పుల్ల పెంచుకుంటూ నోరు సాగదీసుకోమన్నాడు. కారం లేకుండా బలమైన తిండి తినమన్నాడు. అదెలా చేయాలో పక్క గదిలో చెప్తారన్నాడు.

"మాకు ఎర్కే" అన్నాడు మా ఆయన.

తిరుగు దారి పట్టాం. వంతెన మీదికి వచ్చాక, జీపు ముందు భాగంలో ఎప్పుడూ ఉండే ఖర్ర పొట్లం కోసం మా ఆయన చెయ్యి చాచాడు. తింటాడేమో అనుకున్నాను. తిననీ, ఇప్పుడు తింటే మాత్రం ఏం, అనుకున్నాను. విప్పలేదు. తన చొక్కా జేబులో పెట్టుకుని పైన చెయ్యి అదిమి పెట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి తీయలేదు. ఖర్ర పొట్లం పక్కవాడికి పెట్టకుండా ఒక్కడే ఉంచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మృగశిర కార్తె, మా మిరుగం వచ్చింది. వాడంతా చేపల కూర వాసన. మా ఆయనకు ఆ రోజు చెంచాతో పాలు పట్టాను, సగం పెదాల పక్కనుంచి కారిపోయాయి. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చిన వారంలో పోయాడు. ఆ చొక్కా ఉతకలేదు. పొట్లం దాని జేబులోనే ఉంది.

కర్మకాండలు అయిన మర్నాడు పొద్దున నాకు తెలియకుండానే పల్లీలు పొయ్యి మీద పెట్టేశాను. వేగిన వాసన వచ్చాక గానీ ఎవరి కోసమో గుర్తు రాలేదు. గుర్తొచ్చి, మూకుడు దించేయబోయాను. అప్పుడే గడపలో చెప్పుల చప్పుడైంది.

ఇది రెండో ఎండాకాలం. గట్టయ్య జీపు స్టాండుకు పోయేముందు రోజూ వస్తాడు. ప్రియాంక అహేరిలో చదువుకుంటోంది, ఇంట్లో నేనొక్కదాన్నే. ఆయన పుల్లల కట్ట జేబులో పెట్టుకుని తిరుగుతాడు. కొత్తగా ఇంకో పుల్ల పట్టిన రోజు, వాటిని పళ్ల మధ్య బిగించుకుని మాట రాక, నాకు వేలితో చూపిస్తాడు. నేను తల ఊపి లోపలికి పోతాను. ఆయన మీద నాకు కోపం పోలేదు. ఆ మాట ఆయనకే చెప్పాను. "ఎర్కే చెల్లె" అన్నాడు. ఆ వారాలు నా దగ్గరుండి ఉంటే ఏమయ్యేదో డాక్టర్లు కూడా చెప్పలేరు. నేను మాత్రం రోజూ పల్లీలు చెరుగుతూ అదే లెక్క వేసుకుంటాను.

నిన్న పొద్దున గ్లాసు ఇచ్చి ఎప్పటిలాగే గడపలో నిలబడ్డాను. సగం తాగి ఆగాడు. పాత అలవాటు, పక్కకు చూశాడు. అరుగు ఖాళీగా ఉంది. కాసేపు అలాగే చూసి, మిగిలిన గ్లాసు నా వైపు చాచాడు.

"నువ్వు జర తాగు చెల్లె."

నా చెయ్యి ముందుకు పోయింది, గ్లాసు దాకా పోయి ఆగింది.

"నాకొద్దన్నా" అన్నాను. "ఒక్కనివే తాగు."